కింద అంకె

పైనున్న అంకె చూడమన్నారు. నేను పైనున్న అంకే చూశాను. ఆరు నెలల పాటు అదే చూశాను. దాని కిందనే ఇంకో అంకె వెలుగుతూ ఉండేది. అది ఎందుకుందో నాకు తెలియదు, గట్టిగా ఎవరినీ అడగనూ లేదు. ఆ ఒక్క మాట అడగనందుకు ఒక ఆడమనిషి నా చేతుల్లోనే పోయేంత పనైంది.

నేను చెబుతుంటే మా ప్రార్థన మందిరంలో పిల్లలకు చదువు చెప్పే అమ్మాయి ఇది రాస్తోంది. నాకు సంతకం పెట్టడం, అంకెలు పోల్చుకోవడం తప్ప చదువు లేదు. నా గొంతు బొంగురు, మాట మోటు. సరిచేసి రాస్తానంది. మాటలు సరిచెయ్యి గాని తప్పులు సరిచెయ్యకమ్మా అన్నాను. గల్ఫు ఇళ్ళల్లో పనికి పోదామనుకుంటున్న ఆడపిల్లలూ, ఇది మీ కోసం. ఇస్త్రీ ఎలా చెయ్యాలో, ఎవరి ముందు తలెత్తకూడదో చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. పక్కన పనిచేసే మనిషికి జబ్బు చేస్తే ఎలా చూడాలో ఎవరూ చెప్పరు.

నాది కోనసీమ. మా ఆయన కొబ్బరికాయల దింపు పని చేసేవాడు. చెట్టు మీంచి పడి పోయాడు. ఆ సంగతి దాని చోట అది వస్తుంది. ఆయన పోయిన మూడో ఏడు బహ్రెయిన్ వెళ్ళాను. జిదాఫ్స్‌లో ఒకే ఇంట్లో పధ్నాలుగేళ్ళు వంట చేశాను. ఇంటాయన్ని బాబా అనీ, ఇంటావిడని మామా అనీ పిలిచేవాళ్ళం. అక్కడ అదే పద్ధతి. బాబాకి సిత్రాలో నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. వాళ్ళ చిన్న కూతురు సఖీర్‌లో యూనివర్సిటీకి వెళ్ళి, మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో ఆ చదువు చదివేది. ఇంట్లో మొత్తం తొమ్మిదిమంది. పనికి మేమిద్దరం, నేనూ, చిన్నదీ.

చిన్నది అంటే వయసుకి మరీ చిన్నదేం కాదు, ముప్ఫై దాటింది. నాకంటే చిన్నది కాబట్టి అలా అనేదాన్ని. జగిత్యాల దగ్గర పల్లె. ఇద్దరు ఆడపిల్లల్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. వచ్చిన కొత్తలో ఫోనులో వాళ్ళమ్మతో "నేను దుబాయిల మంచిగనే ఉన్న" అంటుంటే నవ్వొచ్చి అడిగాను.

"ఇది దుబాయి కాదే, బహ్రెయిన్."

"ఎండ ఉన్నది, ఏసీ ఉన్నది, నువ్వు పొద్దుందాక తిడుతున్నవ్. గిది దుబాయి కాకపోతె మరేందక్కా?"

అలాంటి మనిషి. నోరూ, చేతులూ రెండూ ఆగేవి కావు. నేను ఒక గది తుడిచేలోపు రెండు తుడిచి వచ్చి, "ముసలిదానివైనవ్, నువ్వు కూసో" అనేది.

కరోనా వచ్చిన రెండో ఏడు చలికాలంలో అది మా ఇంట్లోకి వచ్చింది. ముందు బాబా, తర్వాత మామా, తర్వాత వరసగా అందరూ. ఆఖరికి మేమిద్దరం. మా గది మేడ మీద. అక్కడే ఉండమన్నారు. చిన్న కూతురు మాస్కు వేసుకుని మెట్ల దగ్గర నిలబడి ఒక చిన్న మిషను నా వైపు విసిరింది. బట్టలారేసే క్లిప్పులా ఉంటుంది. వేలు పెడితే కరిచి పట్టుకుంటుంది.

"పైన అంకె తొంభై ఐదు దాటితే భయం లేదు. తగ్గితే వెంటనే చెప్పు," అని అరిచింది.

"కింద ఇంకోటి వస్తోందమ్మా."

"దాంతో నీకు పని లేదు."

నాకు వారంలో తగ్గింది. చిన్నదానికి పది రోజులకి తగ్గింది. పైన అంకె ఎప్పుడూ తొంభై ఏడు, తొంభై ఎనిమిది. దేవుడికి దణ్ణం పెట్టుకుని ఇద్దరం కిందికి దిగాం. అయిపోయిందనుకున్నాం.

నెలన్నర తర్వాత ఒకరోజు చిన్నది బట్టల బుట్ట పట్టుకుని మేడెక్కుతూ సగం మెట్ల మీద కూర్చుండిపోయింది. నేను కింద నుంచి చూస్తున్నాను. పెదవులు తెల్లబడిపోయాయి.

"ఏమైందే?"

"ఏమో తెల్వదక్కా. గుండె గుబగుబ కొట్టుకుంటాంది. కండ్లకు చీకట్లు కమ్ముతున్నయ్."

మిషను తెచ్చి వేలికి పెట్టాను. తొంభై ఎనిమిది.

"ఏం లేదు, లే," అన్నాను.

అక్కడ మొదలైంది. ఒకరోజు తివాచీలన్నీ ఉతికేది, నవ్వుతూనే ఉండేది. ఆ మర్నాడు కాస్త నీరసంగా ఉండేది. ఆ తర్వాతి రోజు మంచం దిగలేకపోయేది. చెయ్యి పైకెత్తి జుట్టు దువ్వుకోలేకపోయేది. రెండు రోజులు అలా పడి, మూడో రోజు లేచి, పరువు కోసం మళ్ళీ రెట్టింపు పని చేసేది. మళ్ళీ పడేది. పని చేసిన రోజున పడితే నాకు అర్థమయ్యేదేమో. చేసిన రోజున బాగుండి, ఎల్లుండి పడితే ఎవరు నమ్ముతారు? నేను నమ్మలేదు. నాటకం అనుకున్నాను.

తర్వాత మరుపు మొదలైంది. టీలో ఉప్పు వేసింది. చెంచా చేత్తో పట్టుకుని దాని పేరేంటో గుర్తురాక నా మొహంలోకి చూసింది. ఒకరోజు స్టవ్ తిప్పి, వెలిగించడం మర్చిపోయి, గుమ్మంలో నిలబడి ఉంది. గ్యాసు వాసన హాల్లోకి వచ్చింది. నేను పరుగెత్తుకొచ్చి కట్టేసి కిటికీలు తీశాను. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. ఆమెకి ఏమవుతుందోనని కాదు. ఈమె వల్ల మా ఇద్దర్నీ పంపేస్తారని. నిజం చెప్పాలి కదా, ముందు వచ్చిన భయం అదే.

మామా మంచిదే. క్లినిక్కి పంపింది. హిందీ వచ్చిన డాక్టరుగారు రక్తం తీయించాడు, ఈసీజీ తీయించాడు, ఛాతీ ఫొటో తీయించాడు. అన్నీ బాగున్నాయన్నాడు.

"ఇంటి మీద బెంగ పెట్టుకుంది. కాస్త నడవమనండి, పని చేస్తుంటే అదే పోతుంది."

ఆ మాట నాకు చాలా నచ్చింది. నేను అప్పటికే అనుకుంటున్న మాటే కదా. ఇంటికొచ్చి రోజూ మిషను పెట్టి, తొంభై ఎనిమిది చూపించి, లేపేదాన్ని.

"డాక్టరు అబద్ధం చెప్పాడా? మిషను అబద్ధం చెప్తోందా? నువ్వొక్కదానివే నిజమా?"

"నేనెందుకు అబద్ధమాడుత అక్కా? పండుకుంటె మంచిగనే ఉంటది. నిలవడితె సావొస్తది."

"పడుకుంటే ఎవరికి మాత్రం బాగోదే?"

అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

వీసా రెన్యూవల్ మూడు నెలల్లో ఉంది. మామా నన్ను పక్కకి పిలిచి, పని చెయ్యలేకపోతే ఖలాస్, టిక్కెట్టు తీసి పంపేస్తానంది. ఆ సంగతి చిన్నదానికి చెప్పాను. భయపడితే లేస్తుందనుకున్నాను.

"అక్కా, ఇంటికి తోలుతరా నన్ను?" అంది. "అక్కడ బీడీలు చుడితె తప్ప వేరే పనేమున్నది? కూసొని చుట్టనీకి కూడ సత్తువ లేకపోతె పోరగాండ్లు ఏం తినాలె?"

"అందుకే లే అంటున్నాను."

లేచింది. గోడ పట్టుకుని లేచింది.

అషూరా వచ్చింది, మనం మొహర్రం అంటామే, అది. జిదాఫ్స్‌లో ఆ పది రోజులు వేరే లోకం. వీధులన్నీ నల్ల గుడ్డలు. ప్రతి ఇంట్లోనూ పెద్ద పెద్ద డేగిసాల్లో మాంసం వేసి అన్నం వండి, వచ్చినవాళ్ళందరికీ పెడతారు. వాళ్ళకది మొక్కు. పనివాళ్ళం కదా అని మమ్మల్ని వేరుగా చూసేవారు కాదు, అదే పళ్ళెంలో మాకూ పెట్టేవారు. కానీ పని మాత్రం ఒళ్ళు విరిచేది. ఎండాకాలం, పెరట్లో మంట, మనిషి ఎత్తు ఆవిరి. తెడ్డు పట్టి కలపడానికి ఇద్దరుండాలి.

పదో రోజు పొద్దున చిన్నది లేవనంది. నేను రెండు పనడాల్ మాత్రలు, చిక్కటి టీ ఇచ్చాను.

"ఇవాళ మామా ముందు నిలబడ్డావంటే రెన్యూవల్ అయిపోతుంది. ఈ ఒక్క రోజు. తర్వాత వారం పడుకో, నేను చూసుకుంటాను."

"ఒక్క రోజే గదా?"

"ఒక్క రోజే."

రెండు గంటలు నిలబడింది. నల్ల బట్టలేసుకున్న ఆడవాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. మామా వచ్చి చూసి, తల ఊపి వెళ్ళింది. నేను గెలిచామనుకున్నాను. అప్పుడు తెడ్డు చప్పుడు మారింది. తెడ్డు డేగిసా అంచుకి కొట్టుకుంటోంది, ఊరికే, టకటకమని. తిరిగి చూశాను. చిన్నది మంట వైపు వంగిపోతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటిలో మనిషి లేదు.

ఎలా పట్టుకున్నానో నాకు తెలియదు. వేడి అంచు నా ముంజేతికి అంటుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. గోడకి ఆనించి నిలబెట్టి, కొంగున కట్టుకున్న మిషను తీసి వేలికి పెట్టాను. పైన తొంభై ఏడు.

"తొంభై ఏడే! నీకేం కాలేదు! నిలబడవే, వాళ్ళు చూస్తున్నారు, నిలబడు!"

అరుస్తున్నాను. నా అరుపు విని చిన్న కూతురు వచ్చింది. నా చేతిలోంచి ఆమె వేలు లాక్కుని చూసింది. నా వైపు చూసింది. మళ్ళీ వేలు చూసింది.

"నూట నలభై తొమ్మిది," అంది మెల్లగా.

"ఏది?"

"కిందది. గుండె. నిమిషానికి నూట నలభై తొమ్మిది సార్లు కొట్టుకుంటోంది."

నీడలో చాప మీద పడుకోబెట్టి, కాళ్ళు బియ్యం బస్తా మీద పెట్టాం. మిషను అలాగే ఉంది. నూట ఇరవై అయింది. తొంభై ఎనిమిది అయింది. కాసేపటికి ఎనభై నాలుగు. నాకు కాస్త ఊపిరి వచ్చింది. అప్పుడు ఆ అమ్మాయి చిన్నదాన్ని చంకల కింద పట్టుకుని మెల్లగా లేపి నిలబెట్టింది. నన్ను కింద అంకె చూస్తూ ఉండమంది. నూరు. నూట పదిహేడు. నూట ముప్ఫై. అంకె ఎక్కుతోంది. మనిషి కదలడం లేదు, ఒక్క అడుగు వెయ్యడం లేదు, ఊరికే నిలబడి ఉంది. లోపల మాత్రం ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తుతోంది. ఆరు నెలలుగా ఆమె నాతో చెప్పింది ఇదే. నా కళ్ళ ముందే, నా వేలి పక్కనే, వెలుగుతూనే ఉంది.

"చాలు, పడుకోబెట్టమ్మా," అన్నాను.

ఆ రోజు అంతటితో పోలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి చిన్నది పూర్తిగా పడిపోయింది. మూడు వారాలు. కిటికీ తెర తీస్తే వెలుగు ఓర్చుకోలేక ఏడ్చేది. గిన్నె చప్పుడైతే వణికేది. నేను చెంచాతో తాగిస్తే మింగడానికి కూడా అలసిపోయి మధ్యలో ఆగేది. గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ ముందు గుమ్మంలో ఆగి, దుప్పటి కదులుతోందా లేదా అని చూసి, అప్పుడు లోపలికి అడుగు పెట్టేదాన్ని. కదలడం కనపడటానికి ఒక క్షణం ఆలస్యమయ్యేది. ఆ క్షణం నేను ఎన్నిసార్లు చచ్చానో లెక్కలేదు.

ఒక పూట వంటింట్లో బియ్యం కడుగుతూ చిన్న కూతుర్ని అడిగాను. ఈ జబ్బేంటి, జ్వరం పోయి ఆరు నెలలైంది కదా అని. ఆమె అరబ్బీలో చెప్పింది. నాకు అర్థమైనట్టు చెబుతున్నాను. ఇందులో తప్పుంటే నాదే.

వైరస్ వచ్చి పోతుంది కదా, కొందరిలో పూర్తిగా పోదేమో అనుకుంటున్నారట. దాని ముక్కలు పేగుల్లోనో ఇంకెక్కడో మూలల్లో మిగిలిపోతాయి. ఒంట్లో కాపలావాళ్ళుంటారు. దొంగ ఇంకా ఇంట్లోనే ఉన్నాడనుకుని వాళ్ళు కర్ర దించరు. ఆ కర్ర ఒక్కోసారి సొంతవాళ్ళకే తగులుతుంది. మనం నిలబడితే నెత్తురు కాళ్ళల్లోకి జారిపోకుండా నాళాలను బిగించి పట్టే సన్నని నరాలుంటాయట. వాటికి తగిలితే బిగింపు పోతుంది. నెత్తురు కిందికి దిగిపోతుంది, తలకి అందదు. అందించడానికి గుండె పరుగెత్తుతుంది. ఇంకొందరికి సన్నని నాళాల్లో కంటికి కనపడని గడ్డలుంటాయంటున్నారు. ఒంట్లో ప్రతి చిన్న గదిలో ఒక పొయ్యి ఉంటుంది, అది సరిగ్గా మండదంటున్నారు. అందుకే ఒక రోజు గట్టిగా పని చేస్తే రెండో రోజుకి ఒళ్ళు చల్లారిపోతుంది. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి లోపలే నిద్రపోతున్న పాత వైరస్‌లు కూడా ఈ గొడవలో లేస్తాయట.

"వీటిలో మన పిల్లకి ఏదమ్మా?"

"తెలియదు. ఒకటి కావచ్చు, అన్నీ కావచ్చు. పెద్ద పెద్దవాళ్ళే ఇంకా వెతుకుతున్నారు."

"మరి పరీక్షలో ఎందుకు పడలేదు?"

"పడుకోబెట్టి గుండె చూశారు. కూర్చోబెట్టి నెత్తురు తీశారు. నిలబెట్టి ఎవరు లెక్కపెట్టారు?" అని ఆగి, తలొంచుకుంది. "కింద అంకెతో పని లేదని నీకు చెప్పింది నేనే."

ఆ పిల్లని ఓదార్చాలని కూడా నాకు తోచలేదు. తర్వాత ఆమె అన్న మాట అలాంటిది.

"ఇది కరోనాకే కాదు. వేరే వైరస్‌లకీ ఉంది. మీ దేశంలో దోమల వల్ల కీళ్ళ జ్వరం వచ్చింది కదా? జ్వరం వారంలో పోతుంది. కీళ్ళల్లో నొప్పి నెలలుంటుంది. కొందరికి ఏళ్ళు."

కుళాయి పారుతూనే ఉంది. గిన్నె నిండి బియ్యం తొట్టిలోకి పోతున్నాయి. నేను చూస్తూనే ఉన్నాను, చెయ్యి లేవలేదు.

చికున్‌గున్యా. ఆ ఏడు మా ఊళ్ళో ఇంటింటికీ వచ్చింది. అందరూ నెలకో రెండు నెలలకో లేచారు. మా ఆయన లేవలేదు. నాలుగు నెలలు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని రెండు చేతులూ నా ముందు చాపేవాడు.

"చూడవే, వేళ్ళు ముడుచుకోవట్లేదు. తాడు పట్టు దొరకదు."

నేను చూసేదాన్ని కాదు. పొద్దు ఎంత పైకెక్కిందో చూసేదాన్ని. ఊరంతా లేచింది, నీకే ఏం రోగం అన్నాను. నా చీర కట్టుకుని ఇంట్లో కూర్చో, నేను ఎక్కుతాను చెట్టు అన్నాను. నలుగురి ముందు అన్నాను. ఆయన తాడు తీసుకుని వెళ్ళాడు. పది చెట్లు ఎక్కి దిగాడు. పదకొండోది దిగలేదు.

ఇన్నేళ్ళూ కాలు జారిందనే చెప్పుకున్నాను. కాలు జారలేదు. చెయ్యి పట్టలేదు. చెయ్యి పట్టదని ఆయన చెబుతూనే ఉన్నాడు.

ఆ రోజు నుంచి నాకు పట్టిన భయం వేరు. పంపేస్తారన్న భయం కాదు. ఒకే తప్పుకి రెండో మనిషిని కూడా ఇచ్చేస్తానేమోనన్న భయం. మా వంటింట్లో బియ్యం కొట్టువాళ్ళు ఇచ్చిన గోడ క్యాలెండరు ఉండేది. రోజూ పొద్దున పడుకోబెట్టి ఒక అంకె, చిన్నది కాస్త లేవగలిగాక పట్టుకుని నిలబెట్టి ఇంకో అంకె, ఆ తేదీ గడిలో పెన్సిలుతో వేశాను. నాకు వచ్చిన చదువంతా అంతే. ఆ చదువు నాకు ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది.

క్యాలెండరు మేకు నుంచి పీకి, చుట్టి, చంకలో పెట్టుకుని క్లినిక్కి తీసుకెళ్ళాను. చిన్నదాన్ని చక్రాల కుర్చీలో తోసుకెళ్ళాం. డాక్టరు మామూలుగా కంప్యూటరు కేసి చూస్తూ పాత రిపోర్టులు తీస్తున్నాడు. క్యాలెండరు ఆయన బల్ల మీద పరిచాను.

"ఇవెవరు రాశారు?"

"నేనేనండి. చదువు రాదండి. అంకెలొచ్చు."

వేలు పెట్టి ఒక్కో గడీ చూసుకుంటూ పోయాడు. లేచి, తలుపేసి, తానే పది నిమిషాలు పడుకోబెట్టి, పది నిమిషాలు నిలబెట్టి లెక్కపెట్టాడు. తర్వాత చిన్నదాని వైపు తిరిగి, "ఇది బెంగ కాదు," అన్నాడు. "నన్ను క్షమించమ్మా."

చిన్నది నా చెవిలో అడిగింది. "అక్కా, నేను ఆడింది నాటకం కాదని ఆయన కాగితం మీద రాసిస్తడా? నీకు చూపెడ్త."

పూర్తిగా తగ్గించే మందు లేదన్నాడు. నీళ్ళు ఎక్కువ తాగాలి, ఆమెకి రక్తపోటు ఎక్కువ లేదు కాబట్టి ఉప్పు కాస్త ఎక్కువ తినాలి, కాళ్ళకి బిగుతు మేజోళ్ళు, గుండె పరుగు తగ్గించే చిన్న మాత్ర ఒకటి. అన్నిటికంటే ముఖ్యం, అలసట వచ్చేలోపే ఆగాలి, వచ్చాక కాదు. బలవంతంగా నడిపించొద్దని నా వైపు చూసి మరీ చెప్పాడు. మామాకి బీపీ ఉండటం వల్ల ఆ ఇంట్లో ఉప్పు దొంగసొత్తులా ఉండేది. ఇప్పుడు ఒకే వంటింట్లో ఒకరికి ఉప్పు లేని కూర, ఒకరికి ఉప్పు నీళ్ళు.

ఇంక మామా. ఆమె ముందు నిలబడి చెప్పాను.

"దాని నిలబడే పనంతా నేను చేస్తాను. అది కూర్చుని చేసేది చేస్తుంది. పంపొద్దు మామా."

"ఎన్నాళ్ళు?"

చిన్న కూతురు అంది, "తెలియదు అమ్మా."

"తెలియనిదానికి నేను వీసా ఎలా కట్టను? ఇది ఇల్లా, ఆస్పత్రా?" ఆమె తప్పు కూడా కాదు. రెన్యూవల్‌కి పన్నెండు రోజులుంది. నేను ఆ పన్నెండు రోజులూ ఆమె మొహం చూసి బతికాను. టిక్కెట్టు గురించి ఫోనులో మాట్లాడుతోందేమోనని తలుపు దగ్గర నిలబడి వినేదాన్ని.

ఐదో రోజు ఇంటికి చుట్టాలు వస్తున్నారని ద్రాక్షాకులు తెచ్చారు. ఆకులో బియ్యం, మాంసం ముద్ద పెట్టి వేలంత సన్నగా చుట్టి ఉడకబెడతారు. వందల కొద్దీ చుట్టాలి. నాకు చేతకాని పని అదొక్కటే. నేను చుట్టినవి ఉడికేలోపు విప్పుకుని గంజి అయిపోయేవి. మామా, నేనూ నేల మీద కూర్చుని చుడుతున్నాం. చిన్నది పక్కనే పరుపు మీద గోడకి ఆనుకుని ఉంది. కాసేపు చూసి చెయ్యి చాచి ఒక ఆకు తీసుకుంది. ఈనె పక్కకి తిప్పింది, ముద్ద పెట్టింది, బొటనవేలు కదిలిందో లేదో తెలియదు, చుట్టేసి చివర లోపలికి మడిచి పళ్ళెంలో పెట్టింది.

"గిది బీడీ లెక్కనే ఉన్నది గదక్కా."

ఏడేళ్ళ వయసు నుంచి బీడీలు చుట్టిన చేతులవి. చూడకుండానే చుడుతోంది. అన్నీ ఒకే పొడవు, ఒకే లావు. మామా చేతులు ఆగిపోయాయి. ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మిషనా మనిషా?"

"మామా, వాళ్ళ ఊళ్ళో ఇలాగే ఆకులో పొగాకు చుట్టి తాగుతారు, దాన్ని వెలిగించకుండా చూసుకోండి," అన్నాను. ఎన్నాళ్ళకో ఆ వంటింట్లో మామా పగలబడి నవ్వింది.

నలభై అయ్యాక పళ్ళెం లాక్కున్నాను. "ఇంకో పది చుడ్త అక్కా," అంది. చుట్టనివ్వలేదు. ఒకప్పుడు పడుకున్నదాన్ని లేపిన చేతులతో ఇప్పుడు లేచినదాన్ని కూర్చోబెడుతున్నాను. గడియారం పెట్టుకుని కూర్చోబెట్టాను. ఎల్లుండి వరకూ ఆగి చూశాను, పడిపోతుందేమోనని. పడలేదు. నలభై ఆమె ఒంటికి పడతాయని తెలిసింది. రెన్యూవల్ ముందు రోజు మామా ఏమీ అనకుండా బాబా చేతికి ఇద్దరి పాస్‌పోర్టులూ ఇచ్చింది.

బాగైపోయిందని చెప్పలేను. నిలబడితే వచ్చే అంకె నూట నలభై నుంచి నూట ఇరవైకి దిగడానికి ఏడాది పట్టింది. మధ్యలో మామూలు జలుబు చేస్తే మళ్ళీ మొదటికి వచ్చింది. ఆ పదిహేను రోజులూ నేను మళ్ళీ గుమ్మంలో ఆగి దుప్పటి చూశాను. నాకు ఒళ్ళు సరిగ్గా లేక నేను వచ్చేసే నాటికి ఆమె అర్ధగంట నిలబడగలిగేది. ఇప్పుడూ అక్కడే ఉంది. మొన్న ఫోను చేసింది. "మెట్లన్నీ ఆగకుంట ఎక్కిన అక్కా," అంది. నేను సంతోషపడలేదు. ఎల్లుండి ఫోను చెయ్యవే అన్నాను. చేసింది. అప్పుడు సంతోషపడ్డాను.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ పోయిన నెల జరిగింది కూడా రాయమన్నాను.

మా వీధి చివర ఒక దింపు కార్మికుడున్నాడు. వానాకాలంలో ఊళ్ళోకి మళ్ళీ కీళ్ళ జ్వరం వచ్చింది. ఒక పొద్దున వాళ్ళింటి ముందు అరుపులు.

"చూడండి పిన్నీ," అంది అతని పెళ్ళాం నన్ను చూసి, "జ్వరం తగ్గి నెల దాటింది. మనిషి కదలడు. రైతు మూడుసార్లు కబురెట్టాడు. ఇంకెన్నాళ్ళీ నాటకాలు?"

అతను అరుగు మీద తలొంచుకుని ఉన్నాడు. ఆ మిషను నా దగ్గరే ఉంది, వచ్చేటప్పుడు చిన్న కూతురు ఇచ్చింది. కానీ అది వేళ్ళ సంగతి చెప్పదు. దగ్గరికెళ్ళి, ఏదీ బాబూ, నీ చెయ్యి అన్నాను. చాపాడు. పిడికిలి బిగించమన్నాను. బిగించాడు. వేళ్ళు సగంలో ఆగిపోయాయి. మొహం నొప్పితో మెలిపడింది. నేను అంతవరకూ ఏ మగాడి చెయ్యీ అలా పట్టుకుని చూడలేదు.

"ఇవాళ ఎక్కనివ్వకమ్మా," అన్నాను.

"మీకేం, చెప్తారు. పని పోతే ఎవరిస్తారు?"

"ఎక్కనివ్వకు."

అతను లేచాడు. పెళ్ళాం మాటకి లేచాడో, నలుగురూ చూస్తున్నారని లేచాడో. తాడు అరుగు పక్కన చుట్ట చుట్టి ఉంది. దాని కోసం వంగబోయాడు. నాకు ఇంకేం చెప్పాలో తెలియలేదు. వైరస్ గురించీ కాపలావాళ్ళ గురించీ పొయ్యి గురించీ చెప్పేంత చదువు నాకు లేదు, వినేంత తీరిక వాళ్ళకి లేదు. గబగబా వెళ్ళి ఆ తాడు చుట్ట మీద కూర్చున్నాను.

"లేవండి పిన్నీ, ఇదేం పని? నలుగురూ నవ్వుతారు."

నవ్వారు కూడా. పొద్దెక్కి ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా కూర్చున్నాను, లేవలేదు.